మాచర్ల సంత: చెప్పిన ధర, చేతికొచ్చే ధర



పంట పండించడం ఎట్లాగో మీరు ఈ కార్యక్రమంలో తరచు వింటూనే ఉన్నారు. ఈ పూట పంట అమ్ముకోవడం గురించి, అందులోనూ రెండు రాష్ట్రాల హద్దున ఉన్న సంత ఊళ్లో అమ్ముకోవడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మాచర్ల సంగతి తీసుకుని చెబుతాను. దాచేపల్లి, పొందుగల, గురజాల వైపు వారికీ ఈ మాటలు వర్తిస్తాయి. కాగితమూ పెన్సిలూ దగ్గరుంచుకోండి, మధ్యలో చిన్న లెక్క ఒకటి ఉంది.

మాచర్ల చంద్రవంక ఒడ్డున ఉన్న ఊరు. 12వ శతాబ్దంలో పల్నాడు రెండు ముక్కలైనప్పుడు నలగామరాజు గురజాల నుండీ, మలిదేవరాజు మాచర్ల నుండీ ఏలారు. అంటే ఈ ఊరు రాజధాని అయ్యిందే ఒక పంపకం వలన. ఆ తగాదా కోడిపందెంతో ముదిరి, కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున ఎట్లా తేలిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కార్తీకంలో వీరుల ఉత్సవాలకు బండ్లు కట్టుకుని పోయినవారి బిడ్డలే మనమంతా.

తరువాత హద్దు కృష్ణ మీదికి జరిగింది. 1948 దాకా ఏటికి ఆవల నైజాం సంస్థానం, ఈవల మద్రాసు వారి ఏలుబడిలోని గుంటూరు జిల్లా. ఆవల చెల్లేది హాలీ సిక్కా, ఈవల చెల్లేది ఇంగ్లీషు రూపాయి. సరుకు ఏరు దాటించాలంటే కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. దానితో ఏటి మీది హద్దు చెరిగిపోయింది. యాభై ఏడేళ్లు దాటాక 2014 జూన్ 2న అదే ఏటి మీద మళ్లీ హద్దు పడింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత మాచర్ల ఈ జిల్లాకు, ఈ రాష్ట్రానికీ కూడా అంచు ఊరయింది.

ఈ అంచుకు నీళ్లెట్లా వచ్చాయో కూడా ఒకసారి తలచుకుందాం. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పల్నాడులో జొన్నకూడే గాని సన్నన్నం దొరకదని వేళాకోళం ఉంది. వేళాకోళమైనా ఆనాటి నేల సంగతి అది నిజమే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆవలి గట్టుకు ఎడమ కాలువ, ఈవలి గట్టుకు కుడి కాలువ. కట్ట ఒక్కటే, ఏరు ఒక్కటే. ఆ నీటితోనే ఇక్కడ వరి వచ్చింది, మిరప పెరిగింది, నల్లరేగడిలో పత్తి విస్తరించింది. పంట మారేసరికి సంత కూడా మారింది. జొన్నలు ఇంటి గాదెలో నిలవచేసుకుని తిన్నాం. పత్తిని తినలేం గదా! అది అమ్ముడుపోతేనే అన్నం.

హద్దు మీద సంత ఉండడం మనకొక్కరికే వచ్చిన అవస్థ కాదు. ఇంగ్లండుకూ వేల్సుకూ నడుమ కూడా ఒక హద్దు ఉంది. 8వ శతాబ్దంలో ఆఫా అనే రాజు తన రాజ్యానికీ వేల్సు వారికీ మధ్య పొడవాటి మట్టికట్ట పోయించాడు. ఆ కట్ట పొడుగునా, దాని అటూ ఇటూ సంత ఊళ్లు పుట్టాయి. ఇంగ్లండు వైపున ఆస్వెస్ట్రీ అనే ఊరుంది. 1190 నుండి బుధవారం సంత జరుపుకునే హక్కు తమకు ఉందని అక్కడివారు చెప్పుకుంటారు. వేల్సు కొండల మీద గొర్రెలనూ పశువులనూ మేపేవారు అమ్మకానికి దిగివచ్చే ఊళ్లలో అది ఒకటి. నైటన్ అని ఇంకో ఊరు. ఊరేమో వేల్సులో, దాని రైలు స్టేషను ఇంగ్లండులో! ఆ ఊళ్లలో రెండు వైపులా యుద్ధాలు జరిగాయి, రాజులు మారారు. సంత మాత్రం నిలిచింది. ఎందుకంటే అవతలి వాడి గొర్రెకు ఇవతలి వాడి డబ్బు కావాలి, ఇవతలి వాడి డబ్బుకు అవతలి వాడి గొర్రె కావాలి.

కనుక హద్దు ఊరి రైతుకు ఒక మేలుంది. అతనికి రెండు దిక్కులా బేరం ఉంటుంది. మాచర్ల నుండి తూర్పుకు పోతే పిడుగురాళ్ల, నరసరావుపేట, గుంటూరు. ఏరు దాటితే మిర్యాలగూడ బియ్యపు మిల్లులు. అయితే ఒక కీడు కూడా ఉంది. రెండు దిక్కుల నుండీ ధరల కబుర్లు వస్తాయి. ఏది నిజం, ఏది ఎవరికి వర్తిస్తుంది అన్నది తేలకముందే లారీ కట్టేస్తాం.

ఒక ఉదాహరణ చెబుతాను. 2024 వానాకాలం పంట నుండి తెలంగాణ ప్రభుత్వం సన్నవడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించింది. ఆ మాట ఏరు దాటి మన రచ్చబండ మీదికి చేరింది. "ఆవల అయిదొందలు ఎక్కువిస్తున్నారంట, తోలుకుపోదాం పదండి" అన్నవారిని నేను విన్నాను. ఆ బోనసు ఆ రాష్ట్రంలో పండించిన రైతుకు, ఆ రాష్ట్రం తెరిచిన కొనుగోలు కేంద్రంలో ఇచ్చేది. అక్కడ పొలం కాగితం అడుగుతారు. మన కాగితం అక్కడ చెల్లదు, వారి కాగితం ఇక్కడ చెల్లదు. మిల్లరుకు సొంతంగా అమ్ముకుంటే అది వేరే బేరం, అందులో బోనసు ఉండదు. సంగతి ఇంతే: వడ్లు ఏరు దాటగలవు గాని కాగితం దాటలేదు. ప్రభుత్వం ఇచ్చే ధర కాగితాన్ని పట్టి వస్తుంది. వ్యాపారి ఇచ్చే ధర సరుకును పట్టి వస్తుంది. ఈ రెంటినీ కలిపి చూసినవాడు కిరాయి చేతినుంచి పెట్టుకుని తిరిగివస్తాడు.

ఇప్పుడు లెక్కకు వద్దాం.

మా మండలంలో ఒక పెద్దాయన పత్తి కల్లంలోనే అమ్మేశాడు. ఆయన నాకు మావ వరుస.

"ఏం మావా, ఎంతకిచ్చావు?" అన్నాను.

"ఏడువేల రెండొందలు. ఇంటిముందుకే వచ్చి కాటా వేసుకుపోయాడు. లారీ గొడవా లేదు, హమాలీ గొడవా లేదు" అన్నాడు.

"తరుగెంత తీశాడు?"

"అందరికీ తీసినట్టే, క్వింటాలుకు మూడు కిలోలు."

"కాటా ఎవరిది?"

"ఆయనదే. మనకెక్కడిది కాటా!"

మావ చెప్పింది ధర. చేతికొచ్చింది ఎంతో చూద్దాం, వ్రాసుకోండి. క్వింటాలుకు మూడు కిలోల తరుగంటే 97 కిలోలకే డబ్బు. 7,200 లో నూటికి 97 పాళ్లు 6,984 రూపాయలు. చెప్పిన ధరలోంచి అప్పుడే 216 రూపాయలు పోయాయి. ఆ కాటా క్వింటాలుకు రెండు కిలోలు తక్కువ చూపేదైతే ఇంకో 144 పోయినట్టే, అంటే చేతికొచ్చింది 6,840.

ఇక రెండో వైపు. 2025–26 సీజనుకు కేంద్ర ప్రభుత్వం పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలుగా, మధ్యరకం పింజకు 7,710 రూపాయలుగా మద్దతు ధర ప్రకటించింది. ఈ ధరలు ఏటా మారతాయి, మీరు అమ్మే ఏటి ధర అప్పుడు కనుక్కోండి. పత్తి సంస్థ వారు, అంటే సి.సి.ఐ. వారు, పూర్తి ధర ఇచ్చేది తేమ నూటికి 8 పాళ్లున్న పత్తికి. 8 దాటి 12 దాకా ప్రతి పాలుకూ ధరలో నూటికొకటి తగ్గిస్తారు. 12 దాటితే కొనరు. మావ పత్తి పొడవు పింజదే, తేమ 11 ఉందనుకుందాం. మూడు పాళ్లకు 243 రూపాయల చిల్లర తగ్గుతుంది. 7,866 మిగులుతుంది. కిరాయి, హమాలీ కలిపి క్వింటాలుకు 150 వేసుకుందాం. చేతికొచ్చేది 7,716.

ఇటు 6,984, అటు 7,716. కాటా మోసం లెక్కలోకి తీసుకోకపోయినా క్వింటాలుకు 732 రూపాయల తేడా. ఇరవై క్వింటాళ్లకు 14,640 రూపాయలు. వచ్చే ఏటి విత్తనానికి, కొంత ఎరువుకు అది సరిపోయే డబ్బు.

అలాగని ప్రతిసారీ కేంద్రానికే పొమ్మని నేను చెప్పను. కొన్నేళ్లు వ్యాపారి మద్దతు ధర కంటే ఎక్కువిస్తాడు. కొన్నిసార్లు రెండు బోరేలే ఉంటాయి, వాటికి బండి కిరాయి గిట్టదు. అప్పుడు ఇంటి దగ్గరే అమ్మండి, తప్పులేదు. అయితే అమ్మేముందు ఈ లెక్క వేసి అమ్మండి. ఎవరు ఏ ధర చెప్పినా నాలుగు ప్రశ్నలు అడగండి: తరుగెంత? కాటా ఎవరిది? కిరాయి, హమాలీ ఎవరివి? డబ్బు ఎప్పుడు? ఈ నాలుగూ తేలాక మిగిలిందే మీ ధర.

కాటా మాట వచ్చింది కనుక ఒక చిన్న ఉపాయం చెబుతాను. తూకం సరిగా ఉందో లేదో చూడడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. 45 కిలోలని అచ్చువేసి, కుట్టు విప్పని యూరియా బస్తా ఒకటి తెచ్చి ముందు కాటా మీద పెట్టండి. సంచి బరువుతో కలిపి 45 మీద కొంచెం చూపాలి. 44, 43 చూపిందంటే ఆ కాటా మీ పత్తిని కూడా అట్లాగే తూస్తుంది. కోపతాపాలు అక్కరలేదు, "కాటా సరిచేసుకో బాబూ, తరువాత తూద్దాం" అనండి. ఎలక్ట్రానిక్ కాటాలకు తూనికలు కొలతల శాఖ వారు ఏటా పరీక్షచేసి ముద్ర వేయాలి. ఆ ముద్ర చూపమని అడిగే హక్కు మీకుంది.

తేమ సంగతి చాలావరకు మన చేతిలోనే ఉంది. మంచు ఆరక ముందు పత్తి తీయవద్దు. తీసినదాన్ని ఎండలో పలుచగా ఆరబోసి, సాయంత్రం మంచు పడకముందే ఎత్తేయండి. మొదటి తీతల మంచి పత్తినీ, చివరి తీతల గుడ్డికాయ పత్తినీ కలపవద్దు. కలిపితే మంచి పత్తికి కూడా గుడ్డికాయ ధరే వస్తుంది. ఎరువుల ప్లాస్టిక్ సంచుల్లో నింపవద్దు. ఆ పోగులు దూదిలో చిక్కుకుంటే మిల్లువాడు వంక పెడతాడు. నూలు గుడ్డ వాడండి. తూకం పెరుగుతుందని నీళ్లు చల్లే అలవాటు ఎక్కడైనా ఉంటే మానండి. చల్లిన ప్రతి చెంబుకూ తేమ యంత్రం మీ ధర కోస్తుంది.

మిరపకాయకు కూడా ఇదే ధర్మం. మన మిరప చాలావరకు గుంటూరు యార్డుకు పోతుంది. మాచర్ల నుండి అది వంద కిలోమీటర్లు దాటిన దూరం. అంతదూరం తాలుకాయలకు కిరాయి కట్టి మోసుకుపోవడమెందుకు? కల్లంలోనే తాలు వేరుచేయండి. నేలమీద కాక పట్టాల మీద ఆరబెట్టండి. నేల తడి తగిలితే బూజు పట్టి విషం పుడుతుంది, ఎగుమతిదారు దానిని ముట్టుకోడు. తేమ నూటికి 10, 11 పాళ్లకు దిగాక టిక్కీలు తొక్కండి. మిరపకు పత్తిలాగా ఏటేటా ప్రకటించే మద్దతు ధర లేదు. ధర బాగా పడిపోయినందున 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మన రాష్ట్ర మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించింది. ఏటా అట్లా జరుగుతుందని నమ్ముకోలేం. కనుక సరుకంతా ఒకేరోజు యార్డులో దించవద్దు. అవసరానికి కొంత అమ్మి, వీలుంటే కొంత కోల్డు స్టోరేజిలో పెట్టి, కిరాయి లెక్క చూసుకుని తీయండి.

యార్డులో అమ్మినా, కల్లంలో అమ్మినా తక్‌పట్టీ తీసుకోకుండా కదలవద్దు. అందులో తూకం, ధర, కోతలు విడివిడిగా వ్రాసి ఉండాలి. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం యార్డు సెస్సు కొనేవాడు కట్టవలసినది. అది మీ పట్టీలో కోసి ఉంటే ఎందుకు కోశారని అడగండి. చదువు రాకపోతే ఇంట్లో బడికిపోయే పిల్లను వెంట తీసుకుపోండి. మీ తరపున ఆ పిల్ల చదువుతుంది.

ఇక కాగితం. ఏటి ఇవతల మద్దతు ధరకు అమ్మాలంటే పంట ఈ-పంటలో నమోదై ఉండాలి. విత్తిన తరువాత రైతు సేవా కేంద్రంలో నమోదు చేయించుకుని, మీ పేరు, సర్వే నెంబరు, పంట, విస్తీర్ణం సరిగా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. వరి వేసిన మడికి పత్తి అని పడితే అమ్మే రోజున ఏడ్చి లాభం లేదు. 2025లో సి.సి.ఐ. వారు కపాస్ కిసాన్ అనే ఫోను యాప్ తెచ్చారు. అందులో పేరు నమోదు చేసుకుని, వంతు తీసుకుని పోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపి ఉండాలి. ఆ యేడు మీకు దగ్గరలో ఏ యార్డులో, ఏ జిన్నింగు మిల్లులో కేంద్రం తెరిచారో ముందుగా కనుక్కున్నాకే బండి కట్టండి.

కౌలు రైతులకు ఒక మాట. మన వైపు కౌలు సాగు చాలా ఎక్కువ. చెమట కౌలుదారుది, కాగితం ఆసామిది. 2019 లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు. దానికి ఆసామి సంతకం కావాలి. భూమి పోతుందేమోనని ఆసాములు జంకుతారు. ఆ కార్డు వలన భూమి మీద హక్కు రాదు, పంట మీదనే వస్తుంది. ఈ మాట ఆసాములు కూడా వినాలనే చెబుతున్నాను. మీరు సంతకం పెడితే మీ చేను ఎటూ పోదు. పెట్టకపోతే కౌలుదారు తన పత్తిని తన పేర అమ్ముకోలేక, కల్లంలోనే అడిగిన ధరకు ఇచ్చేస్తాడు. అతనికి గిట్టకపోతే వచ్చే ఏడు మీకు కౌలు ఎక్కడినుంచి వస్తుంది?

అన్నిటికంటే బరువైనది అప్పు. పురుగుమందు, ఎరువు అరువిచ్చిన దుకాణదారుకే పంట తోలాలనే ఒప్పందం చాలా ఊళ్లలో ఉంది. అక్కడ ధర రైతు అడగడు, వారే చెబుతారు. ఎన్ని లెక్కలు నేర్చినా, చేతులు కట్టుకున్నవాడికి ఉపయోగం లేదు. ఇది ఒక్కరోజులో తెగే ముడి కాదు. మొదలు ఇట్లా పెట్టండి: అరువు తెచ్చిన ప్రతి డబ్బా పేరు, ధర, తేదీ ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. బిల్లు అడిగి తీసుకోండి. అప్పు వేరు, పంట వేరు అని మొదటిరోజే చెప్పండి: "డబ్బు నీకు కడతాను, పంట నాకు గిట్టినచోట అమ్ముకుంటాను" అని. పంట రుణానికి సహకార సంఘానికో, బ్యాంకుకో దరఖాస్తు విత్తనం కొనకముందే పెట్టండి. కార్డున్న కౌలుదారు కూడా అడగవచ్చు.

గ్రామ సహాయకులకు, నా తోటి ఉద్యోగులకు ఒక మనవి. మనం పంటకాలమంతా పొలాల్లో తిరిగి, అమ్మే వారంలో కనిపించకుండా పోతే ఆ తిరుగుడు సగమే ఫలించినట్టు. పత్తి తీతలు మొదలైన నాటి నుండి గుంటూరు, మాచర్ల, మిర్యాలగూడ ధరలను, వాటి పక్కనే కిరాయినీ రైతు సేవా కేంద్రం బోర్డు మీద సుద్దతో వ్రాయండి. అయిదారుగురు రైతుల సరుకు కలిపి ఒక లారీ కట్టించండి. ఒక్కరికి గిట్టని కిరాయి ఆరుగురికి గిట్టుతుంది. తేమ చూసే యంత్రం అందుబాటులో ఉంటే ఊళ్లోకే తీసుకుపోయి, బండి కట్టకముందే చూసి చెప్పండి. తేమ ఎక్కువైన పత్తి ఇంటి ముంగిట రెండు రోజులు ఆరుతుంది. కేంద్రం గేటు దగ్గర లారీలో ఆరదు.

రైతు సోదరులారా, హద్దులు మనం గీసినవి కావు. పన్నెండో శతాబ్దంలో రాజులు గీశారు, తరువాత నవాబులూ దొరలూ గీశారు, మన కాలంలో శాసనసభలూ పార్లమెంటూ గీశాయి. వాటిని మార్చడం మన చేతిలో లేదు. తూకం సరిచూడడం, తేమ ఆరబెట్టడం, కాగితం సరిచేసుకోవడం, చేతికొచ్చే ధర లెక్కకట్టడం, ఈ నాలుగూ మన చేతిలో ఉన్నాయి. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకుంటాం. అమ్మకం వేళ కూడా ఆ చాప పరచండి. ఊరి రైతులంతా కూర్చుని, ఎవరికెంత వచ్చిందో, ఎంత కోశారో దాపరికం లేకుండా చెప్పుకోండి. పక్కవాడికి వచ్చిన ధర తెలిసిన రైతును మోసగించడం ఏ వ్యాపారికైనా కష్టం.

ఈ వారం ఎవరింట్లోనైనా పాత తక్‌పట్టీలుంటే బయటికి తీసి, ఇప్పుడు చెప్పిన లెక్క ఒకసారి వేసి చూడండి. తేలని చోట మీ రైతు సేవా కేంద్రానికి తీసుకురండి, కూర్చుని చూద్దాం.